శనివారం పొద్దున అవ్వ అన్నం అడిగితే

ఈ బ్లాగులో ఇంతవరకూ మా ఇంటి పాత ఫోటోలు, పెండ్లి పత్రికలు, ముత్తాతలు వలస వచ్చిన కథలు, అవ్వ చేసే వంటలు రాసుకుంటూ వచ్చాం. ఈసారి కొంచెం వేరే సంగతి. "నేను" అనేది నిజంగా ఉందా, లేదా అన్నది. ఇంత పెద్ద మాట మనకెందుకు అని మీరనుకోవచ్చు. మేమూ అట్లే అనుకునేవాళ్ళం. కాని ఆ ప్రశ్న మా ఇంటికి పుస్తకంలోంచి రాలేదు, వంటింట్లోంచి వచ్చింది.

మా అవ్వకు ఎనభై ఆరేళ్ళు. ముళబాగిలు పక్క పల్లెలో కాపురానికి వచ్చిన నాటినుంచి అదే ఇల్లు. మా నాయన పసిబిడ్డగా ఉన్నప్పుడు జ్వరం వచ్చి చేతికి దక్కడనుకున్నారట. అప్పుడు అవ్వ తిరపతి ఎంకటరమణసామికి మొక్కుకుంది, బిడ్డ బతికితే ఉన్నన్నాళ్ళూ శనివారం ఒక్కపొద్దు ఉంటానని. బిడ్డ బతికాడు. యాభై ఏళ్ళకు పైన ఆమె శనివారం పగలు నీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. రాత్రి దీపం పెట్టి, గోవిందా అనుకున్నాకే ముద్ద. కోత రోజుల్లోనూ అంతే, ఒళ్ళు బాగాలేకపోయినా అంతే.

ఐదేళ్ళ కిందట మరుపు మొదలైంది. మొదట గొళ్ళెం వేశానా లేదా అని, తర్వాత మనుషుల పేర్లు, తర్వాత మనుషులే. డాక్టరు ఆల్జైమర్స్ అన్నాడు. ఇప్పుడు మేము సెలవుకు ఊరికి పోతే తలుపు దగ్గర మర్యాదగా అడుగుతుంది, "ఎవురు నాయనా నువ్వు? యా ఊరు మీది?" సంతలో గడగడా మాట్లాడిన కన్నడం మొత్తం పోయింది. చూసుకోవడానికి వచ్చే అమ్మాయి కన్నడంలో అడిగితే అవ్వ తెలుగులో బదులిస్తుంది. ఇద్దరికీ ఎట్లో జరిగిపోతుంది.

పోయిన ఏడు ఒక శనివారం పొద్దున ఎనిమిదింటికి అవ్వ వంటింటి గడప మీద కూర్చొని, "ఆకలైతా ఉండాది, ఒక ముద్ద పెట్టమ్మా" అంది. అమ్మ తట్ట తీసింది. ఆ వారం మా పెద్దనాయన ఇంట్లో ఉన్నాడు. "ఈ పొద్దు శనివారం" అన్నాడు. "ఆమె తెలివిగా ఉన్నిన్నాళ్ళూ చెడని మొక్కు, తెలివి పోయినాక మన చేత్తో చెడపాల్నా?" తమ్ముడు చావు దాకా పోయి వచ్చింది ఆయన కండ్లారా చూశాడు. అప్పటికాయనకు పదేళ్ళు. ఆ మొక్కు ఆయనకు ఉత్త ఆచారం కాదు. అమ్మ తట్ట కింద పెట్టేసింది.

అవ్వకు సర్దిచెప్పాం. ఈ పొద్దు శనివారమవ్వా, పొద్దు గూకనీ, తిందువు అని. "ఔనా" అంది. పది నిమిషాలకు మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పాం. మళ్ళీ అడిగింది. మధ్యాహ్నం లోపల పదకొండుసార్లు కాదన్నాం. మాకు అది పదకొండోసారి. ఆమెకు మటుకు ప్రతిసారీ మొదటిసారే. ప్రతిసారీ కొత్తగా ఆకలి, కొత్తగా కాదనిపించుకోవడం. ఒంటిగంటకు ఆమె ఏడ్చింది. ఎందుకేడుస్తా ఉండావని అడిగితే చెప్పలేకపోయింది.

ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టలేదు. మొక్కుకున్న అవ్వ ఒకరు, ఆకలన్న అవ్వ ఒకరు. ఇద్దరూ ఒకరేనా? ఇద్దరి మాటా ఒకటి కానప్పుడు ఎవరి మాట వినాలి? అసలు "అవ్వ" అంటే ఎవరు?

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. పెట్టెలో దాచిన బంగారంలాగా, ఏ మార్పూ లేని "నేను" ఒకటి లోపల ఉందని వెతికితే అది చేతికి దొరకదు. అట్లని "నేను" ఉత్త అబద్ధమూ కాదు. అది వస్తువు కాదు, ఒక పూచీ. ఒకరు పట్టుకుంటే నిలుస్తుంది. ఆ ఒకరు అలిసిపోతే పక్కనున్నవాళ్ళు పట్టుకోవాలి. ఇంతే మేము చెప్పేది. ఇక్కడిదాకా ఎట్లా వచ్చామో తక్కినది.

మేము పండితులం కాదు. బడి మొత్తం కన్నడ మాధ్యమం. తెలుగు అక్షరాలు పాతికేళ్ళ వయసులో, రెండు లిపులూ అక్కచెల్లెళ్ళు కాబట్టి, తిరపతి బస్సుల బోర్డులు చూసి నేర్చుకున్నవి. వేదాంతమంటే బడిలో చదివిన డి.వి.జి. గారి మంకుతిమ్మన కగ్గ. ఆయన పుట్టింది మా ముళబాగిల్లోనే, 1887లో. తర్వాత మైసూరు ప్రొఫెసరు హిరియణ్ణ గారు 1932లో భారతీయ తత్వశాస్త్రం మీద ఇంగ్లీషులో రాసిన పుస్తకం. బతుకుతెరువు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఎవరైనా "ఇది పనిచేస్తుంది" అంటే, ఎక్కడ పనిచెయ్యదో చూపించడం మా ఉద్యోగం. ఈ ప్రశ్ననూ అట్లే చూశాం.

ఉపనిషత్తుల్లో మాకు బాగా నచ్చిన టెస్టరు ఇంద్రుడు. ఛాందోగ్యంలో కథ ఇది. ఆత్మ అంటే ఏమిటో తెలుసుకోవాలని దేవతల తరఫున ఇంద్రుడు, అసురుల తరఫున విరోచనుడు ప్రజాపతి దగ్గరికి పోతారు. ముప్పై రెండేళ్ళు శుశ్రూష చేస్తారు. నీళ్ళలో మీ నీడ చూసుకోండి అంటాడాయన. బాగా అలంకరించుకొని చూస్తారు. నీడ కూడా అలంకరించుకొని కనబడుతుంది. విరోచనుడికి సరిపోయింది, ఒళ్ళే ఆత్మ అని వెళ్ళిపోయాడు. ఇంద్రుడు సగం దారిలో నిలబడిపోయాడు. ఒళ్ళే నేనైతే, ఒళ్ళు గుడ్డిదైతే నేనూ గుడ్డినేనా, ఒళ్ళు పోతే నేనూ పోవడమేనా అని వెనక్కి వచ్చాడు. మళ్ళీ ముప్పై రెండేళ్ళు. కలలో తిరిగేవాడే ఆత్మ అన్నాడు ప్రజాపతి. కలలో కూడా భయం, ఏడుపు ఉన్నాయే అని మళ్ళీ వెనక్కి. ఇంకో ముప్పై రెండేళ్ళు. కలలేని గాఢనిద్ర అన్నాడు. ఆ నిద్రలో నేనున్నానన్న సంగతే తెలియదు కదా, లేకుండా పోయినట్టే కదా, ఇందులో నాకు మంచి కనబడలేదు అని ఇంద్రుడు మళ్ళీ వచ్చాడు. ఇంకో ఐదేళ్ళు. మొత్తం నూటొక్క ఏళ్ళు. చివరికి, ఈ ఒళ్ళు చావుకు లోబడింది, ఒళ్ళు లేని ఆత్మకు ఇది ఉనికిపట్టు మాత్రమే అని చెప్పించుకున్నాడు.

ఇంద్రుడు మూడోసారి తెచ్చిన అభ్యంతరం చూడండి. తనను తాను ఎరగని స్థితి ఎంత ప్రశాంతంగా ఉన్నా, అది "నేను" ఎట్లవుతుంది? మరుపు జబ్బు వచ్చిన ఇంట్లో రోజూ వినబడే ప్రశ్నే ఇది.

దీనికి జవాబులు చెప్పిన పెద్ద గురువుల గుర్తులన్నీ మేము పుట్టిన రాష్ట్రంలోనే ఉన్నాయి. శృంగేరిలో శంకరుల పీఠం. మేలుకోటెలో రామానుజులు పన్నెండేళ్ళు ఉన్నారని చెబుతారు. ఉడుపిలో మధ్వులు స్థాపించిన కృష్ణుడు. శ్రవణబెళగొళలో జైనులు. ఒక బస్సు పాసుంటే నాలుగు జవాబులూ చూసి రావచ్చు.

శంకరుల మాట ప్రకారం నేను లేను అని ఎవడూ అనుకోలేడు. అనుకునేవాడే ఆత్మ కాబట్టి. అది సాక్షి. జ్ఞాపకం, తెలివి, ఆకలి, పేరు అన్నీ దాని మీద పడిన ఆరోపాలు. మా చిన్నమ్మ ఈ మాటతోనే ఓదార్చుకుంటుంది. అవ్వ లోపల సాక్షి చెక్కుచెదరలేదు, మబ్బు కమ్మితే సూర్యుడు పోతాడా అని. ఆ ఓదార్పును మేము తీసెయ్యం. కాని మా శనివారానికి అది జవాబు ఇవ్వదు. సాక్షికి ఆకలి లేదు, నిజమే. అయితే సాక్షికి మొక్కు కూడా లేదు. "మొక్కు ఆమెది" అని పెద్దనాయన అన్నప్పుడు ఆ "ఆమె" శంకరుల ఆత్మ కాదు. మొక్కుకుంది ఒక ఊరిలో, ఒక బిడ్డ జ్వరం చూసి భయపడిన ఒక తల్లి.

రామానుజులు వేరే దారి. "నేను" అని తెలుసుకునేవాడే ఆత్మ. తెలివి ఆ ఆత్మకు గుణం, దీపానికి వెలుతురులాగా. ఆ తెలివి ముడుచుకోగలదు, విచ్చుకోగలదు. ముడుచుకుంటే దీపం లేదని కాదు. మరుపు మనిషి పక్కన కూర్చొని చూస్తే ఇంతకంటే దయగల సిద్ధాంతం మాకు కనబడలేదు. అవ్వ తెలివి ముడుచుకుంది. ఆకలన్నది మటుకు అవ్వే, వేరెవరో కాదు.

బౌద్ధులు ప్రశ్ననే తిప్పేశారు. మిలిందుడనే యవన రాజు, క్రీస్తుకు ముందు రెండో శతాబ్దం వాడు, నాగసేనుణ్ణి నీవెవరు అని అడుగుతాడు. నాగసేనుడనేది ఉత్త పిలుపు, లోపల అట్లాంటి మనిషి దొరకడు అంటాడు భిక్షువు. మరి నువ్వు వచ్చిన రథం ఏది? చక్రమా, ఇరుసా, కాడా? ఏదీ కాదు. ఇవన్నీ చేరితే రథమని పిలుస్తాం. మనిషీ అంతే. రూపం, వేదన, సంజ్ఞ, సంస్కారాలు, విజ్ఞానం అని ఐదు కట్టలు. ముడి విప్పితే మిగిలేది లేదు.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. "ఆత్మ లేదు" అన్నారు కాబట్టి ఎవరికీ ఏ బాధ్యతా లేదనుకుంటారు. ఆ గ్రంథంలోనే దానికి జవాబుంది. ఒకడు మామిడికాయలు దొంగిలించి, తోటవాడు నాటిన కాయ వేరు, నేను కోసిన కాయలు వేరు, కాబట్టి తప్పు లేదంటాడు. రాజు ఒప్పుకోడు. నాటినదాన్నుంచే ఇవి వచ్చాయి కాబట్టి దొంగకు శిక్ష తప్పదంటాడు. రాత్రంతా వెలిగిన దీపంలో మొదటి జాము మంట, చివరి జాము మంట ఒకటే కాదు, వేరు వేరూ కాదు. మార్పులేని వస్తువు లేకపోయినా వరస ఉంది. ఆ వరసకే లెక్క.

వచ్ఛగోత్రుడనే పరివ్రాజకుడు బుద్ధుణ్ణి నేరుగా అడిగాడు, ఆత్మ ఉందా అని. బుద్ధుడు మాట్లాడలేదు. లేదా అని అడిగాడు. అప్పుడూ మాట్లాడలేదు. అతను వెళ్ళిపోయాక ఆనందుడికి కారణం చెప్పాడు. ఉందంటే శాశ్వతమనే వాళ్ళ పక్షం, లేదంటే చావుతో అంతా నాశనమనే వాళ్ళ పక్షం, పైగా ఆ అమాయకుడు ఇంకా తికమక పడతాడు అని. తర్వాత నాగార్జునుడు, కృష్ణ ఒడ్డున ఆయన పేరుతోనే కొండ ఉన్నవాడు, ఆ మధ్యదారినే తర్కంతో గట్టి చేశాడు. ఏదీ తనంతట తానుగా నిలవదు, ఒకదాని మీద ఒకటి ఆనుకొని నిలుస్తుంది అని.

"తాను" అన్నమాట కూడా అట్లాంటిదే. సంస్కృతంలో ఆత్మ అనే మాటను "తాను, తన" అనే అర్థంలో మామూలు వ్యాకరణానికీ వాడతారు. మన తెలుగులో "తాను" ఒంటరిగా నిలబడదు. ముందు ఎవరి గురించో చెప్పి ఉండాలి, అప్పుడే తాను.

పడమటి దేశాల్లో ఈ వాదం మన రోజులకు దగ్గరగా వచ్చింది. ఇంగ్లండులో లాక్ అనే తత్వవేత్త 1694లో తన పుస్తకానికి కొత్త అధ్యాయం చేర్చి, జ్ఞాపకం ఎంతవరకు సాగుతుందో మనిషి అంతవరకే అన్నాడు. వినడానికి సరిగ్గానే ఉంటుంది. మా ఇంటికి వచ్చిపోయేవాళ్ళు "ఆమె ఎప్పుడో పోయిందిలే, ఉండేది ఒళ్ళే" అన్నప్పుడు, వాళ్ళకు లాక్ పేరు తెలియకపోయినా చెప్పేది లాక్ మాటే. దానికి థామస్ రీడ్ 1785లో ఒక లోపం చూపించాడు. చిన్నప్పుడు దెబ్బలు తిన్న పిల్లవాడు పెద్దయి సైన్యంలో అధికారి అయ్యాడు, తర్వాత సేనాపతి అయ్యాడు. అధికారికి దెబ్బలు గుర్తున్నాయి. సేనాపతికి అధికారిగా చేసిన సాహసం గుర్తుంది, దెబ్బలు గుర్తు లేవు. లాక్ లెక్కన పిల్లవాడూ అధికారీ ఒకరు, అధికారీ సేనాపతీ ఒకరు, పిల్లవాడూ సేనాపతీ మటుకు ఒకరు కాదు! మంచి బగ్ రిపోర్టు అంటే ఇట్లా ఉండాలి.

హ్యూమ్ 1739లో లోపల వెతికితే వేడి, చలి, ఇష్టం, నొప్పి లాంటివే కనబడతాయి తప్ప "నేను" కనబడదన్నాడు. దాదాపు నాగసేనుడి మాటే. మరుసటి ఏడే ఈ వివరణ తనకే తృప్తిగా లేదని రాసుకున్నాడు. ఆ నిజాయితీ మాకు నచ్చింది. మన కాలంలో పార్ఫిట్ 1984లో, మనిషి ఒకడేనా కాదా అన్నది అసలు ముఖ్యమే కాదు, లోపలి వరస ఎంత సాగిందన్నదే ముఖ్యమన్నాడు.

వైద్యశాస్త్రం ఇంకో కొస పట్టుకుంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో 1901లో ఆల్జైమర్ అనే డాక్టరు దగ్గరికి యాభై ఒక్క ఏళ్ళ స్త్రీని తీసుకొచ్చారు. తన పేరు రాయమంటే రాయలేకపోయిన ఆమె, తనను తాను పోగొట్టుకున్నానన్న అర్థం వచ్చేలా చెప్పుకుంది. ఆమె జబ్బు గురించి డాక్టరు 1906లో వివరించాడు. ఆయన పేరే జబ్బుకు నిలిచింది. మేము ఆ మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాం. పోగొట్టుకున్నాననేది ఎవరు? అంతా పోయి ఉంటే పోయిందని చెప్పేవాళ్ళు ఉండరు కదా.

అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే ఆయనకు 1953లో మూర్ఛ తగ్గడానికి మెదడు ఆపరేషన్ చేశారు. ఆ తర్వాత ఆయనకు కొత్త జ్ఞాపకం ఏదీ నిలవలేదు. 2008లో చనిపోయేదాకా అంతే. బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీత వెంట గియ్యమని నేర్పింది. మూడు రోజుల్లో ఆయన చెయ్యి తేరింది. ఇంతకుముందు గీసిన సంగతి మటుకు గుర్తు లేదు. గుర్తు లేకుండానే నేర్చుకున్నాడన్నమాట. అవ్వకూ మా పేర్లు తెలియవు. కాని ఒడిలో కనకాంబరాలు, అరటినార పెడితే వేళ్ళు తమంతట తాము మాల కట్టేస్తాయి. ముడి ఎక్కడా జారదు. ఆ వేళ్ళలో ఉన్నది అవ్వ కాదని ఎవరంటారు?

ఇంత చదివినా పెద్దనాయన పక్షం తేలిగ్గా తీసెయ్యలేకపోయాం. డ్వార్కిన్ అనే అమెరికా న్యాయశాస్త్రజ్ఞుడు 1993లో రాసిన పుస్తకంలో దాదాపు ఆయన మాటే ఉంది. మనిషి తెలివిగా ఉన్నప్పుడు తన బతుకుకు ఏది ముఖ్యమని తేల్చుకున్నాడో దాన్నే తర్వాత కూడా గౌరవించాలి, ఆ నిర్ణయం చేసే శక్తి పోయాక కలిగే కోరికలు దాన్ని కొట్టెయ్యకూడదని. బలమైన వాదమే. యాభై ఏళ్ళ నిష్ఠ ముందు ఒక పూట ఆకలి ఎంత?

మా జవాబు ఇది. ఒక్కపొద్దు అంటే ఆకలి కాదు. ఎందుకు ఆకలిగా ఉన్నామో తెలిసి ఉండడం. అవ్వ యాభై ఏళ్ళు శనివారం మధ్యాహ్నం కడుపు మండినప్పుడల్లా, ఇది నా బిడ్డ కోసం అనుకొని ఉంటుంది. తెలిసిన ఆకలి మొక్కు. తెలియని ఆకలి ఉత్త ఆకలి. ఆ శనివారం మేము అవ్వ మొక్కును కాపాడలేదు. ముసలి మనిషిని పస్తు పెట్టాం, అంతే. మొక్కు చెయ్యాలంటే ఆమె ఉండాలి. పస్తు పెట్టడానికి మేము చాలు.

అయితే మొక్కు ఏమైపోవాలి? ఇక్కడ మా ఉద్యోగం కొంచెం దారి చూపింది. మేము పరీక్షించే ఒక ప్రోడక్టుకు పదకొండేళ్ళు. మొదటి వెర్షన్ కోడ్‌లో ఇప్పుడు ఒక్క లైనూ మిగల్లేదు. రాసినవాళ్ళూ కంపెనీలో లేరు. పేరు కూడా ఒకసారి మారింది. ఆ పేరు కింద మార్పులేనిది ఏదైనా ఉందా అని వెతికితే ఏమీ లేదు. అయినా పాత కస్టమరు ఎనిమిదేళ్ళ కింది లెక్క తప్పు పడిందని ఫోన్ చేస్తే, ఆ కోడ్ లేదు, రాసినవాడు లేడు, మాకు సంబంధం లేదు అనలేం. కూర్చొని చూస్తాం, సరిచేస్తాం. అన్నాళ్ళూ సాగి వచ్చింది కోడ్ కాదు, పూచీ. ఒకరి చేతినుంచి ఒకరి చేతికి వచ్చింది.

మనిషిని ప్రోడక్టుతో పోల్చడం మాకూ ఇష్టం లేదు. ప్రోడక్టుకు ఆకలి వెయ్యదు. పోలిక పూచీ వరకే. మొక్కు అవ్వ లోపల ఎక్కడో పెట్టెలో ఉన్న వస్తువైతే, పెట్టె తాళం పోయిననాడే అదీ పోయినట్టు. మొక్కు ఒక పూచీ అయితే, దాన్ని ఇంకొకరు ఎత్తుకోవచ్చు.

ఎత్తుకున్నది అమ్మ. ఆ మరుసటి శనివారం పొద్దున అవ్వకు ముద్ద, బస్సారు పెట్టి, తాను తినలేదు. ఎవరికీ చెప్పలేదు. మూడో వారం మేమే కనుక్కున్నాం. "నీకు చక్కెర ఉంది గదమ్మా" అన్నాం. డాక్టరుతో మాట్లాడి, మధ్యాహ్నం రెండు పండ్లు, మజ్జిగ తీసుకునేలా ఒప్పించాం. పెద్దనాయన మటుకు ఒప్పుకోలేదు. "మొక్కు మొక్కినోళ్ళది. ఒకరి మొక్కు ఒకరు తీర్చేదేంది?" అన్నాడు. నాయన అప్పటిదాకా ఏమీ మాట్లాడలేదు. "ఆ మొక్కు మొక్కింది నా పానానికన్నా. చెడితే చెడేది నాకే. నేను ఒప్పుకుంటా ఉండాను, అమ్మకు అన్నం పెట్టనీ" అన్నాడు. పెద్దనాయన లేచి బయటికి పోయాడు. ఇప్పటికీ ఆయన మనసు మారలేదు. మారాలని మేమూ పట్టుబట్టడం లేదు.

ఇందులో ఒక ప్రమాదం కూడా ఉంది, అది చెప్పకపోతే తప్పు. "పాత అవ్వ వేరు, ఇప్పటి అవ్వ వేరు" అన్నమాట ఆకలికి వాడినట్టే ఆశకూ వాడుకోవచ్చు. ఒక దూరపు బంధువు కాగితాలు పట్టుకొని వచ్చాడు. చెరువు కింద మడి గురించి. "ఆమెకిప్పుడేం తెలుస్తుంది, ఒక వేలిముద్ర గదా" అన్నాడు. తెలివిగా ఉన్నప్పుడు అవ్వ ఆ మడి అమ్మేది లేదని పదిమందిలో చెప్పింది. అక్కడ మేము పాత అవ్వ పక్షాన నిలబడ్డాం, వేలిముద్ర పడనివ్వలేదు. అన్నం దగ్గర ఒక న్యాయం, మడి దగ్గర ఒక న్యాయమా అని అతను అడిగాడు. కాదు, న్యాయం ఒకటే. పాత మాట నిలబెట్టడానికి ఇప్పటి ఒంటిని నొప్పించకూడదు. ఇప్పటి మరుపును అడ్డం పెట్టుకొని పాత మాటను దోచుకోకూడదు. మామిడికాయల దొంగ వాదం మళ్ళీ మన ఇంటికే వస్తుందని అప్పుడు తెలిసింది.

కైవారం తాతయ్య గాజుల మలారం భుజానేసుకొని ఊరూరా తిరిగి, తెలుగులోనూ కన్నడలోనూ తత్వాలు కట్టాడు. చింతామణి పక్క పల్లెల్లో ఇప్పటికీ భజనల్లో పాడతారు. గాజులు అమ్ముకుంటూనే ఆత్మ సంగతి ఆలోచించవచ్చని ఆయన్ను చూస్తే ధైర్యం వస్తుంది. మా లెక్కన ఈ ప్రశ్న మఠాలదీ, యూనివర్సిటీలదీ మాత్రమే కాదు. ఇంట్లో ముసలివాళ్ళున్న ప్రతివాళ్ళదీ. మీ ఇంట్లో కూడా ఇట్లాంటి శనివారం ఒకటి వచ్చి ఉంటే, మీరేం చేశారో మాకు రాయండి.

చివరిగా ఒక చిన్న మాట. బడిలో మాకు కన్నడంలో "నావు" అని ఒకటే నేర్పారు. ఇంట్లో మటుకు "మేము" వేరు, "మనము" వేరు. ఎదుటి మనిషిని బయట పెట్టి మాట్లాడితే మేము, లోపల చేర్చుకుంటే మనము. చిన్నప్పుడు పలకమీద రెండూ కలిపేసి కన్నడంలో ఆలోచించేవాళ్ళం. "మేము సినిమాకు పోదామా" అంటే అవ్వ నవ్వి, "మీరు పోండి, నన్నెందుకడుగుతారు? నన్నూ పిలిస్తే మనం అనల్ల" అని దిద్దేది. "నేను" ఎక్కడుందో ఎంత వెతికినా దొరకలేదు గాని, ఈ తేడా అవ్వ దగ్గరే నేర్చుకున్నాం.

పోయిన శనివారం మేము ఊళ్ళోనే ఉన్నాం. అవ్వ గోడకానుకొని పొద్దుటి ముద్ద తింటా ఉంది. ఎదురుగా అమ్మ ఉత్తచేతుల్తో కూర్చోనుంది. అవ్వ చాలాసేపు చూసి, "నువ్వు తినవేమ్మా?" అని అడిగింది.

"ఈ పొద్దు శనివారం గదత్తా. మనకు ఒక్కపొద్దు."

అవ్వ తల ఊపింది. "ఔ గదా. మనం శనివారం తినం" అని, ఇంకొక ముద్ద తుంచి బస్సారులో అద్దుకుంది.